నేనే రాసి నేనే మెచ్చుకున్న ఎరుపు

మా రేవులో పడవలన్నిటినీ ఒక్క రంగుతో ఒడ్డెక్కించిన ఘనుణ్ణి నేను. నవ్వడానికి సిద్ధపడే చదవండి.

గ్రంథాలయం పుస్తకాలతోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఆమదాలవలసలో ఉండే నా స్నేహితురాలు గౌరితో కలిసి, సముద్రం తీరు చెప్పే ఫోన్ యాప్ చేశాను. దాని కోడ్ అందరికీ తెరిచిపెట్టాం, ఎవరైనా మార్పులు పంపవచ్చు. పచ్చరంగు కనిపిస్తే వేటకు వెళ్ళొచ్చు, ఎర్రరంగైతే ఆగాలి. మా సింహాచలం బావ రేవంతా తిరిగి, "మా బామ్మర్ది యాప్ నమ్మండర్రా, నాదీ పూచీ" అని చెప్పాడు.

నియమాలు నేనే రాశాను. మొదటిది: రాసినవాడు తన మార్పును తానే యాప్‌లో కలపరాదు, మరొకరు చూసి సరే అనాలి. అది రాసిన రోజు నన్ను నేను రాజ్యాంగకర్తలా చూసుకున్నాను!

ఒక సాయంత్రం ఇసుకలో పడుకుని కలగంటున్నాను. నీళ్ళమీద ఎరుపు పట్టుచీరలా పరుచుకుంది. ఇంత నెమ్మదైన రంగు ప్రమాదానికెందుకు? లోతు సముద్రం పచ్చగా ఉంటుంది కదా, భయం దానికే నప్పుతుంది. వెంటనే రెండు రంగులూ తారుమారు చేశాను.

గౌరి తన అక్క పెళ్ళిలో ఉంది. ఆగలేక 'సాగరమిత్ర' అనే కొత్త ఖాతా తెరిచి, "అద్భుతం! కవిహృదయం!" అని నన్ను నేనే మెచ్చుకుని, మార్పు కలిపేశాను.

మర్నాడు బావ ఫోన్.

"ఒరే, ఏటిరా ఇది? సంద్రం అద్దంలాగున్నాది. నీ యాప్ ఎర్రగా సూపిస్తన్నాది. పడవలన్నీ లాగేసినారు!"

"ఎరుపంటే ప్రశాంతం బావా, ఉషస్సు..."

"ఉషస్సా! నువ్వేనాడైనా తెల్లారకముందు లేసినావేటి? మరి రేపు తుపానొస్తే పచ్చగా సూపిస్తాదా? దాన్ని నమ్మి మేం బయల్దేరిపోవాలా?"

నా కల అక్కడే మునిగిపోయింది. పెళ్ళిపందిట్లోంచే గౌరి పాత రంగులు తిరిగి పెట్టి, నాకు ఫోన్ చేసింది.

"ఈ సాగరమిత్ర ఎవులు? పిలు, మాటాడాలి."

"అతను... ఊళ్ళో లేడు."

"నువ్వు పంపిన నిమిసానికే సూసేసినాడు. నిన్ను నీకన్నా ఎక్కువ పొగిడినాడు. అలాటోడు ఈ బూమ్మీద నువ్వొక్కడివే!"

సాయంత్రానికి గౌరి తీర్పు వచ్చింది: "సాగరమిత్రని తీసేసినాను. నిన్నుంచినాను. ఇద్దర్లో నువ్వే నయం. ఇకమీద రంగు మార్చాలంటే మీ బావ సరే అనాల."

కాబట్టి, నాకు చదువు చెప్పిన గ్రంథాలయం బల్లమీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా పనికి నేను చప్పట్లు కొట్టుకోను. ఈ రాత కూడా బావకి చూపించే మీకు పంపుతున్నాను. ఆయన కింద రాసిన మాట: "ఎరుపు గురించి ఎక్కువైనాది. సర్లే, పంపు."