కమాండర్ రాయి కొట్టినోడే

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున అయ్యిందంటే పంచాయతీ ఆఫీసు నిండిపోయేది. ఊరంతటికీ అక్కడే ఒక్క టీవీ. లోపల చాపల మీద ఊరి పెద్దలు, వాళ్ళ పిల్లలు. బయట కిటికీ కింద మా వాడోళ్ళం. బాపు, అవ్వ, నేను, ఇంకో ఇరవై మంది.

మాకు బొమ్మ కనపడేది కాదు... లోపలోళ్ళ తలకాయలే కనపడేవి.

ఆ సీరియల్ హిందీది. ఆకాశంలో ఒక ఓడ, దానికొక కమాండర్. ఎడమ చేతికి ఎప్పుడూ నల్ల తొడుగు. ఎందుకో చెప్పరు, తీయరు. ఊర్లో హిందీ తెలిసినోడు దర్జీ ఖాజా మామ ఒక్కడే. లోపల టీవీకి వీపు పెట్టి, కిటికీ ఊచలు పట్టుకుని, మధ్యమధ్యలో వెనక్కి చూసుకుంటూ మా వైపు తిరిగి కథ చెప్పేవాడు. ఓడ వంగితే తనూ వంగేవాడు... సైరన్ మోగితే తనూ మోగేవాడు.

లోపల్నుంచి పటేల్ గొణిగేవాడు. "ఓ ఖాజా, జర మెల్లగ చెప్పు. మాకు టీవీ సప్పుడు ఇనవడ్తలేదు."

"నీకు కండ్లకు కనవడ్తాంది గద పటేలా, చూడు. వీళ్ళకు నా నోరే టీవీ."

కాబట్టి నేను ఆ సీరియల్ చూశానని చెప్పను. విన్నాను. అయినా నా అంత అభిమాని ఈ జిల్లాలో ఇంకొకడు లేడు. ఉంటే ముందుకు రమ్మనండి.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. బాపుతో క్వారీకి పోయి కంకర కొట్టేవాణ్ణి. బడి గడప తొక్కింది లేదు. ఒక ఆదివారం బాపు ఎప్పుడూ లేనిది కిటికీ కిందనుంచి అడిగాడు.

"ఖాజా, గా కమాండర్ ముందుగాల ఏం పని చేసేటోడు?"

ఖాజా మామ టీవీ వైపు తిరగనేలేదు. బాపు చేతుల వైపు చూశాడు. పగిలి, గోర్లు చచ్చిపోయిన చేతులు...

"వాడూ రాయి కొట్టినోడే ఓబయ్యా. సుత్తె దెబ్బకు చెయ్యి నలిగింది. గందుకే గా తొడుగు. పదిహేనేండ్లకు పలక పట్టిండు. గిప్పుడు జూడు, ఓడ నడుపుతాండు."

 మర్నాడు పొద్దున బాపు నా చేతిలోంచి సుత్తె గుంజుకున్నాడు.

"నువ్వు రావద్దు. బడికి పో."

"పద్నాలుగేండ్లోణ్ణి బాపు. పోరగాండ్లు నవ్వుతరు."

"కమాండర్‌కు పదిహేను. నీకింక ఏడాది మిగిలే ఉంది. నడువు."

చిన్నపిల్లల వరసలో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. నవ్వారు... నవ్వనీ. రెండేళ్ళు పోయాను. తర్వాత బాపు మంచాన పడితే మళ్ళీ సుత్తె పట్టాను. ఆ రెండేళ్ళ చదువుతోనే ఇది రాస్తున్నాను. ఎవరితోనూ రాయించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మా మనవరాలు అక్షయ ఉరికొచ్చింది. "తాతా, నీ ఓడ సీరియల్ మళ్ళ తీసిన్రు. గా కథకు ముందు కథంట. కమాండర్ చిన్నప్పటిది!"

ఇంట్లో పెద్ద టీవీ. అందరికంటే ముందు నేను కూర్చున్నాను. మొదట అదే సైరన్... అదే మోత. కళ్ళు తడిసినై, దాచుకోను. పాత ఓడ అట్టతో చేసిందట, కొత్తది ఇత్తడి బిందెలా మెరుస్తోంది. మాటలన్నీ తెలుగులోనే. బాగుంది అనుకున్నాను.

తర్వాత కమాండర్ చిన్నతనం వచ్చింది. అద్దాల మేడ. వాళ్ళ నాయినకు అట్లాంటి ఓడలు నూరున్నాయి. ఆ తొడుగు ఎందుకయ్యా అంటే... పుట్టినరోజు పండుగలో ఆటబొమ్మ పేలి చెయ్యి కాలిందట!

"తప్పు. అంతా తప్పు. బంద్ చెయ్యి" అన్నాను.

"తాతా, అసలు కథ రాసినోళ్ళే తీసిన్రు."

"రాసినోళ్ళకేం తెలుసు? మా ఖాజా మామ చెప్పిండు."

అన్నానే గానీ రాత్రంతా ఒకటే ప్రశ్న. బాపు నన్ను బడికి పంపింది అబద్ధం నమ్మి పంపాడా?

తెల్లారి రామన్నపేట బస్సెక్కాను. ఖాజా మామ అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటాయి. చూపు ఆనదు, అయినా చేతిలో సూది ఉంది.

"మామా, నిజం చెప్పు. కమాండర్ రాయి కొట్టినోడని టీవీల చెప్పిన్రా?"

బోసినోటితో నవ్వాడు. "యాడిదిరా! గప్పుడు వాళ్ళు ఏందో చుక్కల గురించి మాట్లాడుతున్నరు. నాకే సగం సమజ్ కాలే."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

సూది ఆపాడు. "మీ బాపు ఒక్కనాడు నోరిప్పి అడగలే. గానాడు అడిగిండు. ఎవడో దొర కొడుకని చెప్పాల్నా?" మళ్ళీ సూది గుచ్చుతూ అడిగాడు... "ఏం, బడికి పోయినందుకు నీకేమన్న నష్టమైందా?"

 మామ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. 

ఈ ఆదివారం అక్షయ మళ్ళీ టీవీ పెట్టింది. అద్దాల మేడ, పిల్ల కమాండర్... రిమోట్ తీసుకుని మోత మొత్తం బంద్ చేశాను. టీవీకి వీపు పెట్టి అక్షయ వైపు తిరిగి నిలబడ్డాను.

"గిప్పుడు నేను చెప్త, ఇను. గీ పిలగాడు రాయి కొట్టేటోడు..."

అది నవ్వింది. నవ్వుతూనే వింది.

ఇప్పుడు ఇంటింటికీ టీవీ, చేతిచేతికీ ఫోను. అన్నీ తెలుగే మాట్లాడుతున్నాయి... కానీ మన చేతులు చూసి కథ చెప్పేటోడు లేడు. మీకు అట్లా చెప్పినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉంటే వాళ్ళ పేరు ఈ కింద రాయండి. నేను కూడబలుక్కుని అయినా ఒక్కొక్కటీ చదువుతాను.