బడికి వదిలిన పొట్టేళ్ళు

బడి గదుల మంజూరు రద్దవుతుందని వార్త రాయడానికి ఈ రోజు మడకశిర దగ్గర ఒక ఊరికి వెళ్ళాను. ప్రభుత్వం రెండు గదులిచ్చింది. ఊరి వాటా సొమ్ము ఈ రోజు బ్యాంకు మూసేలోగా కట్టకపోతే అవి పక్క ఊరికి పోతాయి. ఇక్కడ రెండేళ్ళుగా వేరుశనగ పండలేదు.

ఇంజనీరు జీపు దిగుతూనే బడి కమిటీ పెద్ద మారెక్కను అడిగాడు.

"ఏమ్మా, వాటా ఎక్కడ?"

"యాడికీ పోలేదు సార్. అదో, గుట్ట కింద మేస్తాండాది."

ఆయన నవ్వలేదు. అంతలో కాపరులు ముప్పై ఒక్క పొట్టేళ్ళను బడి ఆవరణలోకి తోలుకొచ్చారు. అన్నింటికీ ఎడమ చెవి కోసి ఉంది. ఇక్కడ దేవుడికి వదిలిన పొట్టేలుకు అలా గుర్తు పెడతారు. దాన్ని ఎవరూ సొంతానికి అమ్ముకోరు, కోసుకోరు. నిరుడు ఊళ్ళోని ముప్పై ఒక్క మందల వాళ్ళు మందకొక పొట్టేలు పిల్లను అదే గుర్తుతో బడికి వదిలారట.

"ఇంత కరువులో ఒక్కటైనా అమ్ముకోలేదా?" అని మారెక్కను అడిగాను.

"దేవునిదైతే తప్పయిందని మొక్కుకోవచ్చప్పా. బడిదాన్ని దినామూ పిల్లోళ్ళే వచ్చి చూసుకుంటాండ్రి. వాళ్ళకేం చెప్పేది?"

నమ్మకం కుదరక నేనే చెవులు చూసి లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు.

ముందే పిలిపించిన వ్యాపారి మధ్యాహ్నానికి అన్నీ కొన్నాడు. మూడు గంటలకు మారెక్క బ్యాంకు రసీదు ఇంజనీరు చేతిలో పెట్టింది. ఆయన టేపు తీసి పునాదికి కొలతలు వేయించాడు.

పొద్దున బస్సులోనే రాసుకున్న "మంజూరు రద్దు" అనే శీర్షికను కొట్టేశాను. ఇంత సంతోషంగా నా తప్పు నేను ఎప్పుడూ దిద్దుకోలేదు.

మీ ఊరు బడికి ఏం వదిలింది?