ఈ లాటు ఎవరూ కాల్చొద్దు

మా రేంజి మామ పోయాడు. పోయిన శుక్రవారం ప్రొద్దుటూరులో, జుమా నమాజుకు తయారవుతూ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మంచం మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. అత్తే ఫోన్ చేసి చెప్పింది. ఇక్కడ సౌదీలో, తబూక్‌లో నేను మోటారు విప్పుకుని కూర్చున్నాను, చేతుల నిండా గ్రీజు. "మీ మామ ల్యాడు నాయనా" అంది. తర్వాత ఆమే అంది: "అన్నేండ్లు ఆ దేశంలో ఉండి, మక్కా చూడకనే పోయినాడు సూడు."

ఎందుకు చూడలేదో నాకు తెలుసు. అది చెప్పకుండా, మంచివాడు, నెమ్మదస్తుడు అని నాలుగు ముక్కలు రాసి ఊరుకోవడం నా వల్ల కాదు.

మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని తెచ్చుకున్న అరబ్బు యజమానికి, ఊరి బయట గోధుమ చేను ఉంది. దాని వెనక, మట్టికట్ట కట్టించి, పర్మిటు తీసుకుని పిస్టల్ రేంజి పెట్టాడు. గురువారాలు చుట్టుపక్కల పెద్దమనుషులు వచ్చి పోటీలు పడతారు. టార్గెట్లు తిప్పే మోటార్లు, లైట్లు నా పని. మామవి రెండు పనులు. కాల్చేవాళ్ల వెనక నిలబడి ఎవరికీ ఏమీ కాకుండా చూడడం ఒకటి. కాల్చేశాక మిగిలిన ఇత్తడి గొట్టాలను ఏరి, శుభ్రం చేసి, కొత్తగా మందు పోసి, గుండు బిగించి మళ్లీ తూటాలుగా తయారు చేయడం ఇంకొకటి. సైన్యంలో ఆయుధాల వర్క్‌షాపులో చేసి రిటైరయ్యి వచ్చాడు. మాది ఒకే జిల్లా కాబట్టి మొదటి రోజే మామా అన్నాను. "సరే అల్లుడూ" అన్నాడు, అంతే.

నేను వచ్చిన కొత్తలో ఒకాయన పిస్టల్ పట్టుకుని పక్కవాడితో ముచ్చట్లాడుతుంటే, దాని మూతి మెల్లగా టార్గెట్లు అంటించే బంగ్లాదేశీ వైపు తిరుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పేరు పెట్టి గట్టిగా కేక వేయబోయాను. మామ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత పిల్లిలా నడిచి వెళ్లి, ఆయన కుడి మోచేయి వెనక నిలబడి, చెవి దగ్గర ఒక్క మాట అన్నాడు: "వగ్గిఫ్." ఆగమని. ఆ చెయ్యి ఎటూ తిరగకుండా మోచేతిని అరచేత్తో ఆనించి పట్టుకున్నాడు. మూతి మట్టికట్ట వైపు తిరిగాక గానీ వదల్లేదు.

"పేరు పెట్టి పిలిస్తే మనిషి తిరుగుతాడబ్బా. మనిషితో పాటే చేతిలోదీ తిరుగుతాది. నీ కోపం వాని చేతిలో పేలుతాది" అన్నాడు నాతో.

"ఇంకొంచెం ఉంటే వాడు సచ్చేవాడు మామా. వాడు కూలోడు కాబట్టే గదా ఈయనకు లెక్కల్యా?"

"లెక్కల్యా. నువ్వు అరిసింటే నీకూ లెక్క లేనట్టే."

నేను ఊరి నుంచి కరపత్రాలు తెచ్చుకున్నాను. కూలీ గురించి, హక్కు గురించి, పాస్‌పోర్టును బీరువాలో దాచుకునే యజమాని గురించి. ఆయన మందు తూచుకుంటూ లేనప్పుడు ఎదురుగా కూర్చుని చదివి వినిపించేవాణ్ని. అంతా శ్రద్ధగా విని, "బాగా రాసినాడురా. ఈ అన్నకు ఇఖామా ఉందా?" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన ఎగతాళి చేయలేదని, నిజంగానే అడిగాడని నా నమ్మకం. కఫీల్ పేరు మీద నడిచే ఆ నివాసపు కార్డు మీద బతికేవాడు ఏ మాట ఎక్కడ అనగలడో ఆయన చూసినంత దగ్గరగా ఆ కరపత్రం చూడలేదు.

లైను మీద కాల్పులు నడుస్తుండగా ఎవరైనా ఇత్తడి ఏరడానికి వంగితే మాత్రం ఆయన గొంతు మారిపోయేది. ఒకసారి నేనే వంగాను. "ఇత్తడి యాడికీ పోదు. నీ తలకాయ యాడుందో సూసుకో" అన్నాడు. మళ్లీ నేను వంగలేదు.

ఆయన తూటాలు చేసే గది పద్ధతి ఇంకా విచిత్రం. తలుపు గడియకు ఎర్రగుడ్డ కట్టి ఉందంటే లోపల మందు పోస్తున్నాడని. అప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడినా ఆయన పలకడు, ఆఖరికి సలాం చెప్పినా సరే. సలాంకు బదులు చెప్పకపోవడం అంటే ముసల్మానులలో చిన్న విషయం కాదు. అందుకే పని అయ్యాక బయటికి వచ్చి, ఎవరెవరు సలాం చెప్పి వెళ్లారో గుర్తు పెట్టుకుని, ఒక్కొక్కరిని వెతికి పట్టుకుని మరీ "వాలేకుం సలాం" చెప్పేవాడు. పాకిస్తానీ డ్రైవరు పడీ పడీ నవ్వేవాడు: "చాచా, సుబా కా సలాం షామ్ కో?" పొద్దుటి సలాం సాయంత్రమా అని. మామ అంతే ఠీవిగా "తాజా హై, లే లో" అనేవాడు, తాజాదే తీసుకోమని. కొత్తవాళ్లు ఆయనకు పొగరనుకున్నారు. ఆయన మాత్రం పద్ధతి మార్చుకోలేదు. ట్రేలో వరసగా నిలబెట్టిన గొట్టాల్లో మందు పోయాలి. టార్చి వేసి ప్రతి గొట్టంలోకీ తొంగి చూడాలి. అన్నింట్లో ఒకే ఎత్తున ఉందనుకుంటేనే గుండు బిగించాలి. మధ్యలో లేస్తే ఆ ట్రే మొత్తం ఒంపేసి మళ్లీ మొదటి నుంచి.

ఇక మక్కా సంగతి. తబూక్ నుంచి రాత్రి బస్సెక్కితే మర్నాటికి మక్కా. క్యాంపులో అందరూ వెళ్లి వచ్చారు. మామ వెళ్లలేదు. పెళ్లయిన కొత్తలో అత్తకు మాట ఇచ్చాడట, కాబా గడప మొదటిసారి ఇద్దరం కలిసే చూద్దామని. "నువ్వు పోయి రా భాయ్, ఆమె వచ్చినప్పుడు మళ్లీ పోదువులే" అని ఎవరన్నా అంటే, "మొదటిసారి రెండుసార్లు ఉండదు గదా" అనేవాడు. అత్తను విజిట్ వీసా మీద పిలిపించాలంటే కఫీల్ సంతకం కావాలి. ఆ కాగితం కఫీల్ బల్ల మీద నెలల తరబడి పడి ఉంది. అడిగినప్పుడల్లా ఇన్షా అల్లా. మామ కాంట్రాక్టు ఆ యేడుతో అయిపోతుంది. ఆ సంతకం పడకపోతే ఇక లేదు.

ఆ యేటి పెద్ద పోటీకి ముందు రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఆ గదిలో నిచ్చెన మీద ఉన్నాను, ట్యూబులైటు మారుస్తూ. తలుపుకు ఎర్రగుడ్డ ఉంది. ట్రే సగం నిండింది. ముసలి కఫీల్ తలుపు తోసుకుని వచ్చి సలాం చెప్పాడు. గుడ్డ ఎందుకు కట్టారో ఆయనకు తెలుసు. కానీ ఇల్లు ఆయనది, తలుపు ఆయనది, గుడ్డ కూడా ఆయనదే. మామ చెయ్యి మందు గరిటె మీద ఆగిపోయింది. ఒక క్షణం ఆయన పలకడనే అనుకున్నాను. మామ లేచాడు. లేచి బదులు చెప్పాడు. కఫీల్ భుజం తట్టి, నీ ఆడమనిషి కాగితం పోటీ అయ్యాక చూస్తాను అని చెప్పి వెళ్లిపోయాడు. మామ తిరిగి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నావా అల్లుడూ?" అన్నాడు. తలుపుకు గుడ్డ ఉండగా ఆయన నాతో అన్న మొదటి మాట అది.

పోటీ రోజు అతిథులందరికీ మా తూటాలే పంచారు. వచ్చినవాడి చేతిలో తన ఇంటి తూటా ఉండాలన్నది కఫీల్ పట్టుదల. తొలి వరసలో నిలబడింది ఆయన పెద్దకొడుకు. వెనక కుర్చీల నిండా జనం. కొడుకు ధనధనమని కాలుస్తున్నాడు. మధ్యలో ఒక దెబ్బ మాత్రం పేలలేదు, తుస్సుమంది, తడిసిన టపాకాయలాగా. టార్గెట్ మీద చిల్లు లేదు. తుపాకీ మొరాయించిందనుకుని అతను ఎడమచేత్తో పైభాగం వెనక్కి లాగి వదిలాడు. కొత్త తూటా లోపలికి వెళ్లింది. వేలు మళ్లీ మీట మీదికి వెళ్తోంది.

మందు లేని తూటాలో గుండు బయటికి పోదు, పిస్టల్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే పిస్టల్ చేతిలోనే బద్దలవుతుంది. ఇది నాకే తెలుసు, మామకు తెలియదా? అంతమంది ముందు కఫీల్ కొడుకు మోచేతిని పట్టుకుని, చెవిలో "వగ్గిఫ్" అన్నాడు.

అతను విదిలించుకోబోయాడు. మామ వదల్లేదు. మూతి ముందుకే ఉంది. "దించు. ఖాళీ చెయ్యి. బల్ల మీద పెట్టు." ఒక్కో మాట ఒక్కోసారి, అరబ్బీలో, గొంతు పెంచకుండా. అతను పెట్టాడు. మామ శుభ్రం చేసే కడ్డీని పిస్టల్ గొట్టంలోకి దించాడు. అది సగంలో ఆగిపోయింది.

అప్పుడు మామ తలెత్తి నన్ను చూశాడు. ఆ ట్యూబులైటు, ఆ సలాం, ఆ మాట, ఒంపకుండా వదిలేసిన ఆ ట్రే, అన్నీ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి.

ముదీర్, అంటే మా మేనేజరు, పరుగున వచ్చాడు. హైదరాబాదాయన, మాతో తెలుగే మాట్లాడతాడు. మమ్మల్ని పక్కకు లాగి, "భాయ్, సిచువేషన్ అర్థం చేసుకో. గన్ జామ్ అయింది, అంతే. వేరే గన్ ఇద్దాం, మ్యాచ్ కంటిన్యూ చేద్దాం. షేక్ ఇజ్జత్ విషయం. నీ వైఫ్ పేపర్ నా ఫోల్డర్‌లోనే ఉంది, సాయంత్రం సైన్ పెట్టిస్తా, నాది గ్యారంటీ" అన్నాడు.

"ఒకదాంట్లో మందు ల్యాదు సార్. అట్లయితే ఇంకొకదాంట్లో రెండింతలు పడి ఉండొచ్చు. అది ఎవురి పెట్టెలో ఉందో నాకు తెల్దు."

"ఉండొచ్చు అంటే? పక్కానా?"

"పక్కా కాదు. ఆ పొద్దు టార్చి వేసినానో ల్యాదో గుర్తుకు రాల్యా."

నేనిక ఆగలేకపోయాను. "చెప్పు మామా! గుడ్డ కట్టినా లోపలికొచ్చింది ఎవరో చెప్పు! నేను చెప్తా" అని కుర్చీల వైపు కదిలాను. మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు, లైను మీద పట్టుకున్నట్టే, కుడిచేతిని, వెనక నుంచి.

"ఆయన సలాం చెప్పినాడు. లేసింది నేను."

"నీ కాగితం ఆయన చేతిలో పెట్టుకుని వస్తే లేయకుండా ఎట్ల ఉంటావు?"

"అందుకేరా లేసింది నేననేది."

తర్వాత ఆయన ముదీర్‌ను దాటుకుని లైను ముందుకు వెళ్లి, అందరికీ వినబడేలా చెప్పాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. తూటాలు తాను చేసినవేననీ, తప్పు తనదేననీ, ఈ లాటు ఎవరూ కాల్చొద్దనీ, పెట్టెలన్నీ వెనక్కి ఇవ్వమనీ. కఫీల్ కుర్చీలోంచి లేవలేదు. చేతిలో తస్బీ పూసలు ఆగిపోయాయి, అంతే.

గెస్టులు గొణుక్కుంటూ టీలకు వెళ్లారు. మామ రేకుల షెడ్డు నీడలో పీట వేసుకున్నాడు. సుత్తిలాంటి పనిముట్టులో తూటా బిగించి దిమ్మ మీద కొడితే గుండు ఊడుతుంది, మందు కాగితం మీద రాలుతుంది. ఒక్కొక్కటీ కొడుతూ, ఒక్కొక్క చిన్న కుప్ప పోస్తూ కూర్చున్నాడు. ముదీర్ గంట గంటకూ వచ్చి తొంగి చూశాడు. "దొరికిందా?" దొరకలేదు. అన్నీ ఒకే ఎత్తు కుప్పలు. "ఏమీ లేనిదానికి ఇంత తమాషా చేశావు కద భాయ్" అన్నాడు. దొరక్కపోతే? నిజంగానే లేకపోతే? కాగితమూ పోయి, పరువూ పోయి, మిగిలేది ఏమిటి?

"ల్యాకుంటే మంచిదే గదా" అన్నాడు మామ, దిమ్మ మీంచి కళ్లు తీయకుండా.

సాయంత్రపు నమాజుకు అస్ర్ అజాన్ అయిపోయింది. చివరికి మిగిలింది కఫీల్ కొడుకు పెట్టె, అతను రెండో రౌండుకు పక్కన పెట్టుకున్నది. అతనే స్వయంగా తెచ్చి ఇచ్చి, వెళ్లకుండా నిలబడ్డాడు. మామ కొడుతున్నాడు. ఒక కుప్ప, ఇంకో కుప్ప. ఆ పైన ఒకటి కొట్టి తిరగేసేసరికి మందు రాలుతూనే ఉంది. పక్క కుప్పకు రెండింతలు.

కొడుకు వంగి ఆ కుప్పను చూశాడు. తన కుడి అరచేతిని ఒకసారి తెరిచి మూశాడు. ఇంట్లోకి వెళ్లిపోయాడు. తండ్రితో ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో, ఈరోజుకీ తెలియదు.

పొద్దు వాలుతుండగా ముదీర్ వచ్చాడు. గది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఫోల్డరులోంచి కాగితం తీసి, మడత కూడా విప్పకుండా మామ చేతిలో పెట్టాడు. "సారీ భాయ్" అన్నాడు, నిజంగానే అన్నాడు. సంతకం లేదు. కాంట్రాక్టు అయ్యేదాకా మామ లైను మీద నిలబడ్డాడు, తర్వాత ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయాడు. అందరికీ వినబడేలా నిజం చెప్పినందుకు ఒక మనిషికి వేసిన శిక్ష ఇది. పోయినవాడి గురించి రాసేటప్పుడు కోపం పనికిరాదంటారు. నేను తగ్గించుకోను.

ఆ సాయంత్రం కాగితాన్ని జేబులో పెట్టుకుని ఆయన లేచాడు. ఊడదీసిన మందు అలా వదలకూడదు, తగలబెట్టాలి. చేనుకు దూరంగా ఇసుకలోకి వెళ్లి, వంగి నడుస్తూ సన్నటి గీతలా పోసుకుంటూ పోయాడు. ఆ రెండింతల కుప్పను గీత మధ్యలో పోశాడు. నన్ను వెనక్కి నిలబడమని, పొడుగు కట్టెకు నిప్పు అంటించి గీత చివర ఆనించాడు.

మూసిన గొట్టంలో పేలే మందు బయట పేలదు. చప్పుడు లేకుండా పసుపు మంట ఇసుక మీద పరుగెత్తింది. ఒక్కచోట మాత్రం మోకాలెత్తు లేచి, దిగి, మళ్లీ సాగిపోయింది. అంతా ఆరిపోయాక మామ ఆ గీత వెంట నడిచి, మంట లేచిన చోట గొంతుకూర్చున్నాడు. ఇసుక మీద అరచెయ్యి ఆనించి, వేడి పోయేదాకా అలాగే ఉంచాడు.