రేపల్లెలో కలిపిన వరస

మాటలకి అర్థాలు వెతుకుతూ బతికినదాన్ని నేను. నా వ్యాసాలు ఎందరికో దారి చూపించాయని నా శిష్యులు సభల్లో తెగ పొగుడుతుంటారు. ఆ చదువు మొదట్లోనే, ఒక్క పిలుపుతో దాన్ని గంగలో కలపబోయిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పాపం, వాళ్ళకి తెలియదు. మీకు చెబుతాను, కడుపారా నవ్వుకోండి.

అరవైల చివరి మాట. మాది బాపట్ల. చుట్టరికాల పేర్లకి అసలు అర్థం ఏమిటన్నది నా పరిశోధన. డిగ్రీ చేతికొచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తనని మా నాన్న ఒప్పుకున్నారు. "ఈలోగా ఆ మాట నువ్వెత్తావో, చదువు అక్కడితో సరి" అని ఒక మెలిక పెట్టారు. నేనెందుకు ఎత్తుతానని నవ్వాను.

మా ప్రొఫెసర్ గారిది ఒకటే సూత్రం: వివరాలు చెప్పేవాళ్ళు ఏమన్నా కాదనకూడదు. కాదంటే బిగుసుకుపోతారట. తెనాలిలో మా చుట్టాలిళ్ళల్లో ఈ సూత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ ధైర్యంతో తెనాలిలో రైలెక్కి రేపల్లె వెళ్ళాను, ముక్కూమొహం తెలియని కనకమ్మగారింటికి. పెద్ద ఉమ్మడి కుటుంబమని ఎవరో చెప్పారు. చేతులూపుకుంటూ వెళితే బాగుండదని పూలూ పళ్ళూ పట్టుకెళ్ళాను. మీకు అప్పుడే అనుమానం వచ్చేసింది కదూ? నాకు రాలేదు. నేను అర్థాల శాస్త్రం చదువుతున్నదాన్ని మరి.

"బాగున్నారా అత్తయ్యగారూ?" అన్నాను, ఆవిడ వయసు చూసి.

ఆవిడ నన్ను నఖశిఖపర్యంతం చూసి పీట వేశారు.

"మీకు పిల్లలెంతమందండి?"

"ఆడపిల్లలిద్దరూ అత్తారిళ్ళకి వెళ్ళారు. మా చలపతి ఒక్కడే మిగిలాడు. ఎరువుల కొట్టు పెట్టాడు."

"మరి చలపతిగారు నాకు వరసకి ఏమవుతారండి?"

అది నేను ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్న. నేనొచ్చిన పనేమిటో చెప్పనేలేదు, ఆవిడకా సంగతి ఎలా తెలుస్తుంది? నోరు నొక్కుకున్నారు.

"ఏమవుతాడేంటమ్మా, బావ అవుతాడు. మీ ఇంటిపేరేంటి? గోత్రం?"

చెప్పాను. ఆవిడ మొహం పెట్రోమాక్స్ దీపంలా వెలిగింది. సున్నుండలు వచ్చాయి, కాఫీ వచ్చింది, చివరికి చలపతిగారే వచ్చి వసారాలో ఒకసారి అటూ ఇటూ నడిచి లోపలికి వెళ్ళారు.

"మా ఇల్లు నచ్చిందా?"

"అవునండి."

"వాడు కాస్త నలుపు. ఫరవాలేదుగా?"

"అవునండి."

"మీ నాన్నగారితో మాట్లాడమంటావా?"

"అవునండి." మా నాన్నకీ వరసలు బోలెడు తెలుసు, మాట్లాడుకుంటే మంచిదే అనుకున్నాను.

ఆ ఆదివారమే తల్లీకొడుకులు తాంబూలంతో బాపట్లలో దిగారు. మా నాన్న పడక్కుర్చీలోంచి లేచి నా వైపు తిరిగారు.

"మాటెత్తింది ఎవరమ్మా?"

నా చదువు ఆ క్షణంతో అయిపోయిందనుకున్నాను. ఏడుపుగొంతుతో నా ప్రశ్నలు, ప్రొఫెసర్ గారి సూత్రం అన్నీ కక్కేశాను. కనకమ్మగారు పళ్ళెం కింద పెట్టారు.

"ప్రశ్నలడిగితే అడిగావు. అత్తయ్యా అని ఎందుకు పిలిచావు?"

"మర్యాదకండి."

"మర్యాదకైతే పిన్నిగారూ అనొచ్చుగా. వీడు నీకు అన్నయ్యయ్యేవాడు. మాకీ రైలు ప్రయాణం తప్పేది."

"పిన్నిగారూ, తప్పయిపోయింది" అన్నాను వెంటనే.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న చలపతిగారు తలెత్తి, "కాసిని మంచినీళ్ళియ్యి చెల్లెమ్మా" అన్నారు హాయిగా. మా నాన్న నవ్వాపుకోలేక మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు. నా చదువు బతికింది.

నా సిద్ధాంతం పుట్టింది ఆ మంచినీళ్ళ గ్లాసులోనే. చుట్టరికపు మాట ఉత్త పేరు కాదు, పిలిచినవాళ్ళ మీదా పలికినవాళ్ళ మీదా పడే బాధ్యత అని రాశాను. డిగ్రీ వచ్చింది. డెబ్బైల్లో ఆ వ్యాసం ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాల్లోనో పాఠమైంది. అందులో పేరు చెప్పకుండా నేను మాటలు ఉదహరించిన, పండితులు గౌరవంగా తలుచుకునే ఆ "రేపల్లె వక్త" మా కనకమ్మ పిన్నే. ఆ మాట ఎక్కడ కనబడినా నాకు పట్టరాని సంతోషం.

అసలు సంగతి మిగిలే ఉంది. డిగ్రీ వచ్చిన వారానికే పిన్ని మళ్ళీ పళ్ళతో దిగింది. ఈసారి సంచిలో ఒక కుర్రాడి ఫోటో కూడా ఉంది.

"ఏంటి పిన్నీ ఇది?"

"అత్తయ్యనైతే మా వాడొక్కడి సంగతే చూసుకునేదాన్ని. పిన్నినయ్యాక నీకు సంబంధం చూడకపోతే నలుగురూ నన్నేమంటారు? బాధ్యతని నువ్వే రాశావంటగా, మీ అన్నయ్య చదివి చెప్పాడు."

కాదందామంటే నా సిద్ధాంతమే అడ్డొచ్చింది. ఆ ఫోటోలో ఆయన ఇప్పుడు పక్క గదిలో పేపరు చదువుకుంటున్నారు. అందుచేత పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కొత్త ఇంటికి వెళితే, ఎంతటి పండుముసలి ఎదురొచ్చినా, పేరు పక్కన "గారు" తగిలిస్తాను తప్ప వరస మాత్రం కలపను.