సలోమి చెప్పని సాక్ష్యం

పదేళ్లు కావస్తోంది. ప్రార్థనలో ఎవరైనా, దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడితే చాలు, ఎవరి కళ్లలోకీ చూడలేను. తల వంచుకుంటాను. పక్కనున్నవాళ్లు భక్తి అనుకుంటారు, అనుకోనిస్తాను. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మేం ఒమన్‌లో, మస్కట్ పక్కన మబేలాలో ఉండేవాళ్లం. నేను ఒక యూనివర్సిటీలో నర్సింగ్ పాఠాలు చెప్పేదాన్ని. లైసెన్సు పరీక్షకి చదువుకునే నర్సులకి సాయంత్రాలు ఫీజు క్లాసు ఉండేది. నా కాంట్రాక్టు ఆ క్లాసు మీదే నిలబడింది. ఆ ఏడాది యూనివర్సిటీవాళ్లకి కొత్త ఆలోచన పుట్టింది, పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకోనిస్తే ఎలా ఉంటుందని. తేల్చడానికి కమిటీ వేశారు. ముందు ఒక్క కోర్సు పెట్టి చూద్దామన్నారు. మందుల మోతాదులు లెక్కకట్టే ఆ కోర్సు నాకే అప్పజెప్పారు. నా పొట్ట నేనే కొట్టుకోవాలన్నమాట, అనుకున్నాను. ఆ భయం నిజమైనదే. కానీ భయపడ్డవాళ్లందరూ నేను చేసిన పని చేస్తారా?

సలోమిది భీమవరం వైపు పల్లె. నర్సింగ్ చదివింది. మస్కట్‌కి గంట ప్రయాణం దూరంలో ఉన్న సమాయిల్‌లో చిన్న క్లినిక్‌లో పనిచేసేది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పడంతో, నర్సుగా ఉండాల్సిన పిల్ల అక్కడ దుప్పట్లు మార్చేది, ముసలివాళ్లని బాత్రూమ్‌కి నడిపించేది. రోజూ సాయంత్రం మస్కట్ వచ్చి చదవడం ఆమె వల్ల కాదు. ఉచిత కోర్సు పెట్టగానే చేరింది. రూమ్‌లో మంచం మీద కూర్చుని ఫోన్‌లో నా వీడియోలు చూసేది. సందేహాలన్నీ దాచుకుని, సెలవురోజైన శుక్రవారం ఎవరి కారులోనో మా తెలుగువాళ్ల ప్రార్థనకి వచ్చినప్పుడు, చెప్పులు విడిచే చోటే నన్ను పట్టుకునేది. నేను పైకి నవ్వుతూ లోపల విసుక్కునేదాన్ని.

కమిటీ ఆఖరి సమావేశానికి, బయటినుంచి చదువుతున్నవాళ్లని ఒకరిని తీసుకురమ్మన్నారు. నాకు సలోమే తోచింది. ఏం మాట్లాడాలో తెలియదని కంగారుపడింది. మన ప్రార్థనలో సాక్ష్యం చెబుతావు కదా, అలాగే చెప్పెయ్ అన్నాను. ఆ సలహా నాదే.

ఆ శుక్రవారం, అందరి ముందూ ఒకసారి చెప్పి చూసుకుంటానని లేచింది. ప్రభువుకి స్తోత్రం అని మొదలుపెట్టి, కాసేపు ఇంగ్లీషు, కాసేపు తెలుగు, మధ్యలో ఏడుపు. నర్సుగానే చేస్తున్నానని అమ్మకి ఫోన్లో అబద్ధమాడానంది. ఇప్పుడు మోతాదు లెక్క తప్పు లేకుండా కట్టగలుగుతున్నానంది. అందరూ ఆమేన్ అన్నారు. నాకు మాత్రం కమిటీ గది కళ్ల ముందు మెదిలింది. అంత పెద్ద ప్రొఫెసర్ల ముందు ఈ పిల్ల ఇలా ఏడిస్తే నా పరువేం కాను? అది ఒక కారణం. రెండోది ఇంకా నీచమైంది. ఆమె మాట వింటే వాళ్లు ఉచిత కోర్సులకి తప్పకుండా ఒప్పుకుంటారని నాకు అర్థమైపోయింది. ఏది ముందు తోచిందో ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. పరువే ముందు తోచిందని నమ్మితే నాకు కాస్త సుఖంగా ఉంటుంది, అందుకే ఆ నమ్మకం మీద నాకు అనుమానం.

సమావేశానికి ముందురోజు ఫోన్ చేశాను.

"నువ్వు రానక్కర్లేదు సలోమీ. వాళ్లు వద్దన్నారు."

"డ్యూటీ కూడా మార్పించేసుకున్నానక్కా." మళ్లీ తనే అడిగింది. "నా ఇంగ్లీషు బాగోదనా?"

"అవును," అన్నాను.

"అయ్యో. నా వల్ల మీకేం మాట రాలేదు కదా?"

లేదని చెప్పి పెట్టేశాను.

మర్నాడు కమిటీ ముందు, వస్తానన్న అమ్మాయి రాలేదని చెప్పాను. ఊరికే ఇస్తే ఇంతేనండీ, ఎవరూ పట్టించుకోరు అన్నారొకాయన. తలూపాను. ఉచిత కోర్సులు వద్దనుకున్నారు. మొదలుపెట్టినది కూడా సగంలో ఆపేశారు. నా సాయంత్రం క్లాసు నిలిచింది.

సలోమి మూడోసారి పరీక్ష రాసి తప్పింది. కోర్సు పూర్తయినా తప్పేదేమో. ఆ 'ఏమో'ని పట్టుకుని కొన్నేళ్లు బతికాను. వీసా అయిపోయి, ఊరెళ్లే ముందు శుక్రవారం ఆమె మళ్లీ లేచి నిలబడింది. అంతకుముందు నా కాంట్రాక్టు కోసం ప్రార్థించమని అందరినీ కోరింది నేనే. సలోమి దానికోసం ఉపవాసం ఉందట. అక్క ఉద్యోగం నిలిచింది, దేవుడు నా మొర విన్నాడు, స్తోత్రం అంది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

ఇప్పుడు ఆమె బట్టల షాపులో చేస్తోందని విన్నాను. నలుగురిలో ఇంగ్లీషు మాట వినిపిస్తే పక్కకి తప్పుకుంటుందట. నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేసి నిజం చెబితే బరువు దింపుకునేది నేను, మోసేది ఆమె. అలా అని చేయకపోవడం మంచితనమా, పిరికితనమా? పిరికితనమే అయ్యుంటుంది.

సలోమీ, నీ ఇంగ్లీషుని ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లు నీకోసం కుర్చీ వేసి ఎదురుచూశారు. రావద్దన్నది నేను.