పెద్దమ్మ మామిడి ముక్కలను నేను తడిపిన సంగతి

మా బడి టీచర్లను ఒకసారి శ్రీకాకుళం పిలిపించి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. పిల్లలు తప్పు చేస్తే బెత్తం తీయకూడదు, గోడకుర్చీ వేయించకూడదు. తప్పు చేసినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, సరిచేయడానికి ఎవరేం చేయాలి, ఈ మూడూ అడగాలి. చేతిలో ఒక వస్తువు పట్టుకున్నవాడే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలి. భోజనాలు బాగున్నాయి కాబట్టి నేనూ శ్రద్ధగానే విన్నాను.

మా ఊరు కోటబొమ్మాళి తిరిగొచ్చాక కనబడ్డవాడికల్లా ఇదే బోధ. నా కోపం సంగతి మా వీధికంతా తెలుసు. నేను శాంతం గురించి చెబుతుంటే మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఒంటరి మనిషి, చిన్న పెంకుటిల్లు. మాకేమో డాబా ఉంది. మా వైపు ఆవకాయ ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాతే ఆవపిండీ కారమూ కలుపుతారు. అందుకని ఏటా వేసవిలో మా మేడ పెద్దమ్మదే. మెట్లు వీధివైపే ఉండేవి. అడిగి ఎక్కడం ఆవిడకు అలవాటు లేదు, గొణుక్కోకుండా ఊరుకోవడం నాకు అలవాటు లేదు.

ఆ ఏడు నేను కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొన్నాను. ఒకరోజు పొద్దున్నే నీళ్ల మోటారు వేసి, ఫోను చూస్తూ కూర్చుండిపోయాను. ట్యాంకు పొంగి మేడంతా ఏరైపోయింది. మూడు రోజులు ఉప్పులో ఊరి, రెండు ఎండలు కాసిన ముక్కలు తూము దగ్గర కుప్పపడ్డాయి. నేను మేడెక్కేసరికి పెద్దమ్మ కూడా పైకొచ్చి, వాటిని చూస్తూ నిలబడిపోయింది.

తప్పు నాదైనప్పుడు నాకు కోపం రెండింతలు వస్తుంది. మా నాన్నకీ అంతే. "ఇక్కడ ఎండబెట్టమని ఎవలు సెప్పినారు? మామిడి ముక్కలే గదా! బజార్లో సీసా దొరుకుతాది," అని అరిచాను. అంత ఎత్తు నుంచి అరిస్తే వీధిలో వినబడనిది ఎవరికి?

సాయంత్రానికి కోపం దిగి, నిజంగానే ఒక ఆవకాయ సీసా కొని ఆవిడ అరుగు మీద పెట్టి వచ్చాను. తెల్లారేసరికి అది మా అరుగు మీద ఉంది, మూత కూడా తియ్యలేదు. నాలుగు రోజులు పెద్దమ్మ మా ఇంటికే కాదు, వీధిలో ఏ ఇంటికీ వెళ్లలేదు.

అయిదో రోజు సాయంత్రం మా ఆవిడ వెళ్లి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మా అరుగు మీద కూర్చోబెట్టి, చేతికి పులుసు గరిటె ఇచ్చింది. ఎవరూ పిలవకుండానే చుట్టుపక్కల అరుగులన్నీ నిండిపోయాయి.

"మీ శిక్షణలో సెప్పినట్టే సేద్దాం. గరిటె ఎవలి సేతిలో ఉంటే ఆలే మాటాడాల," అంది మా ఆవిడ.

"అది కాదే, ఆ మోటారు..."

"గరిటె మీ సేతిలో లేదు."

పెద్దమ్మ కాసేపు గరిటెను అటూ ఇటూ తిప్పింది. "ముక్కలు పోతే పోనీ బాబూ. నీరు ఆపడం ఎవలైనా మర్సిపోతారు. నానెవలింటికీ వొట్టి సేతుల్తో ఎల్లను. గిన్నెడు ఆవకాయ అట్టుకెల్తాను, కూకుంటాను, నాలుగు మాటలాడతాను. ఏడాదంతా నాకదే దారి. ఇప్పుడేటి అట్టుకెల్లను? ఈదంతా ఇనీలాగ ముక్కలే గదా అనీసినావు."

నాకు చాలా సిగ్గేసింది. నలభై అయిదు నిమిషాలు ఆపకుండా పాఠం చెప్పగలవాణ్ణి, గరిటె నా చేతికొచ్చాక రెండు ముక్కల్లో ముగించేశాను. తల వంచుకుని, గొణుగుతూ, తప్పు నాదే పెద్దమ్మా, ఆ మాట అనడం ఇంకా పెద్ద తప్పు అన్నాను.

"ఇనబడనేదు మేస్టరూ," అన్నాడు అవతలి అరుగు మీది ముసలాయన. ఆయనకు చెవుడేమీ లేదు. అరిచినప్పుడు ఎంత గొంతుతో అరిచానో అంత గొంతుతోనే మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కాయలు నేనే తెస్తానన్నాను.

"తెస్తే సరిపోదు," అంది పెద్దమ్మ. "నువ్వే కొయ్యాల, నువ్వే ఉప్పెయ్యాల, నువ్వే కాపలా కాయాల."

అప్పటికి సీజను అయిపోవచ్చింది. సంతంతా తిరిగితే చివరికి ఒక బుట్టెడు గట్టికాయలు దొరికాయి. కత్తిపీటతో టెంకలు కొడుతూ బొటనవేలు కూడా కోసుకున్నాను. ముక్కలు ఉప్పులో ఊరాక తలకు తువ్వాలు చుట్టి, కర్ర పట్టుకుని కాకులు తోలుతూ మూడు రోజులు మేడ మీద గడిపాను. పెద్దమ్మ ట్యాంకు నీడలో కూర్చుని "అటేపు తిప్పు, ఇటేపు తిప్పు" అంటూ పెత్తనం చేసింది. కిందనుంచి మా బడి పిల్లలు "మేస్టరూ, మీరేటి తప్పు సేసినారండీ?" అని అడిగి పోయేవారు. పెద్దమ్మ మేడ మీదినుంచే వివరంగా చెప్పేది. రెండో రోజుకి ఆ చెప్పడంలో ఆవిడకు నవ్వొచ్చింది, మూడో రోజుకి నాకూ వచ్చింది.

ఆవకాయ కలిపాక నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ గిన్నెలు పంచింది. "మేస్టరు పెట్టినాడు, ఎలాగున్నా తినండి," అని ప్రతి గడప దగ్గరా చెప్పింది. ముక్కలు ఊరేసినప్పుడు, ఉప్పు వేశానో లేదో గుర్తులేక నేను రెండోసారి కూడా వేశాను. ఆవకాయ ఉప్పు కషాయమైందని తర్వాత తెలిసింది. వీధిలో ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం పెద్దమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చి, "ఆకలేస్తన్నాది, ఏటి వండినావే?" అంటూ మా ఆవిడ ముందు పీట వాల్చుకుంది. కంచంలో మా ఆవిడ నేను పెట్టిన ఆవకాయే వేసింది. పెద్దమ్మ ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని, కష్టపడి మింగింది. "ఇంకాస్త అన్నం ఎయ్యే," అంది.

చేతిలో ఏమీ లేకుండా ఆవిడ మా గడప దాటడం అదే మొదటిసారి. నేను మంచినీళ్ల చెంబు ఆవిడ దగ్గరకు జరిపాను.