లేబుల్ గీకిన సీసా

మా మేనమామ ఇంట్లో ఒక నియమం ఉంది. భోజనాల బల్ల మీద మిరపకాయ సాస్ సీసా ఉండాలి, దాని మీద లేబుల్ మాత్రం ఉండకూడదు. కొత్త సీసా కొనగానే మావయ్య దాన్ని నీళ్ళలో నానబెట్టి, చెంచా కొసతో కాగితం ఆనవాలు లేకుండా గీకేస్తాడు. ఆ సాస్ లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఆ లేబుల్ కనిపిస్తే అసలే దిగదు. వాళ్ళింట్లోనే ఉంటున్నాను కాబట్టి ఈ తంతు నాకు అలవాటైపోయింది.

ఆ సాస్ మావయ్య స్నేహితుడిది. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని ఒకే ఓడలో ఈ దేశం వచ్చారు. అద్దెకు తీసుకున్న ఒకే వంటగదిలో చెరో గిన్నెలో సాస్ కాచి దుకాణాలకి అమ్మారు. మావయ్యదే ఎక్కువ రుచి అని అత్తయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. కాకపోతే అది రోజుకో తీరు. అత్తయ్యతో గొడవ పడ్డ రోజున నిప్పులు కక్కేది, రాజీపడ్డ మర్నాడు తియ్యగా ఉండేది. స్నేహితుడిది నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే. జనం నిన్నటి రుచి కోసమే మళ్ళీ వస్తారు మరి. ఇప్పుడతనికి ఫ్యాక్టరీ ఉంది, ప్రతి హోటల్ బల్ల మీదా అతని సీసా ఉంది. అందరూ పెద్దాయన అంటారు. మావయ్య ఒక్కడే ‘వాడు’ అంటాడు.

ఆ వాడి దగ్గరే మావయ్య ఉద్యోగం. సాస్ రుచి చూసి సరే అనడం. ఆ పక్కనే మూతలు బిగించే బల్ల దగ్గర నేను. “ఏముందే అందులో? నా సాస్‌లో నీళ్ళు కలిపి అమ్ముకుంటున్నాడు” అని పొద్దస్తమానం నా చెవిలో పోరు. పెద్దాయన కొత్త కారు కొంటే మావయ్యకి రెండు రోజులు అన్నం సహించలేదు. నేనూ తక్కువేం కాదు. ఆ కారు పక్కనుంచి నడిచి వెళ్ళి బస్సెక్కినప్పుడల్లా, అది మా ఇంటి ముందు ఉండాల్సింది కదా అని నా కడుపు మండేది.

మావయ్య చూశాక తనూ ఓ చుక్క చూసే పెద్దాయనకి మొన్న జలుబు చేసింది. వాసనా లేదు, రుచీ లేదు. వానకి తడిసిన మిరపకాయలతో చేసిన సాస్ తొట్టెల నిండా ఉంది, లారీలు గేటు దగ్గర కాచుకుని ఉన్నాయి. మావయ్య చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నేనూ వేలితో కాస్త నాకి చూశాను. చివర్లో చేదు నాక్కూడా తెలిసింది. బాగుందని మావయ్య ఒక్క మాట అంటే చాలు, వారం తిరిగేసరికి ఆ సీసాని చూసి అందరూ మొహం తిప్పుకుంటారు. అనెయ్ మావయ్యా అని మనసులో అనుకున్నాను కూడా.

“ఎలా ఉందిరా?” పెద్దాయన ముక్కు తుడుచుకుంటూ అడిగాడు.

మావయ్య చెంచా కింద పెట్టాడు. “చేదొస్తోంది. పారబోయించు” అన్నాడు.

పెద్దాయన ఇంకెవర్నీ అడక్కుండా లారీలని వెనక్కి పంపేశాడు.

తిరిగొస్తుంటే బస్సులో నాకు ఆగలేదు. “చేతికి చిక్కినవాణ్ణి అలా ఎందుకు వదిలేశావు మావయ్యా?”

“నోర్ముయ్యవే. రేపు జనం వాడి సాస్ బాగోలేదంటే, ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది ఆపాటి దానికా?”

ఇంటికెళ్ళాక కొత్త సీసా నీళ్ళలో వేశాడు. కాగితం నానాక చెంచా నా చేతిలో పెట్టి, “గీకు” అన్నాడు.